నూట ఎనభై ఏడు చీటీలు

ఇంటి దగ్గర్నుంచి,
ఏప్రిల్ 12, శనివారం,
ఉదయం ఆరూ నలభై.

గౌరవనీయులైన లెక్కల మాస్టారు గారికి,

పన్నెండో తరగతి హాజరుపట్టీలో ఇరవై మూడో నంబరు అమ్మాయి తల్లి నమస్కరించి రాయునది. మేము ముగ్గురం ఒంట్లో బాగానే ఉన్నాం. మీరూ, మీ ఇంట్లోవాళ్ళూ కూడా బాగున్నారనే అనుకుంటున్నాను. ఉత్తరానికి ముందు మంచి మాటలు ఉండాలి కాబట్టి రాశాను. ఇక్కడితో అవి అయిపోయాయి.

మంగళవారం వీడ్కోలు సభలో తల్లిదండ్రుల తరఫున నేను చదివిన ప్రసంగాన్ని బడి సంచికలో అచ్చు వేస్తున్నారు. హెడ్‌మిస్ట్రెస్ గారు నిన్న దాని ప్రూఫు పంపించి, తప్పులుంటే దిద్ది సోమవారంలోగా ఇమ్మన్నారు. అక్షరదోషాలు లేవు. ఒకే ఒక్క తప్పు ఉంది. నాలుగో పేజీలో మీకు కృతజ్ఞతలు చెప్పిన పేరా. ఈ ఉత్తరం పూర్తవగానే దాన్ని ఎర్ర సిరాతో కొట్టేస్తాను. ఎందుకు కొట్టేశానో హెడ్‌మిస్ట్రెస్ గారికి చెప్పను. మీకు మాత్రం చెప్పి తీరాలి.

ఆ ప్రసంగం రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. నాకు మాటలు రావు, పద్దులు వస్తాయి. మా ఇంట్లో ప్రతిదానికీ ఒక పుస్తకం ఉంటుంది. గ్యాస్ బండ ఎప్పుడు మార్చాను, ఏ గదిలో బల్బు ఎన్నాళ్ళు వెలిగింది, అమ్మాయికి ఏ పూట ఎంత జ్వరం ఉంది, ఇస్త్రీకి ఎన్ని బట్టలు వెళ్ళాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ఎవరు ఫోన్ చేశారు, ఏమన్నారు. మావారు దీన్ని చిత్రగుప్తుడి ఆఫీసు అంటారు. అననివ్వండి. కళ్ళజోడు కనపడకపోతే ఆయన వచ్చేది ఈ ఆఫీసుకే.

ప్రసంగం కూడా ఆ పుస్తకాల్లోంచే తీశాను. పన్నెండేళ్ళలో అమ్మాయి బస్సు తప్పింది తొమ్మిదిసార్లు. తొమ్మిదిసార్లూ సందు చివరిదాకా వెనక్కి వచ్చి ఎక్కించుకున్న డ్రైవరుకు చెప్పాను. రెండో తరగతిలో ఊడిన పన్నును కాగితంలో పొట్లం కట్టి, జాగ్రత్తమ్మా అని పైన రాయించి పంపిన ఆయమ్మకు చెప్పాను. అమ్మాయి వానలో తడిపేసిన పుస్తకాన్ని పేజీ పేజీకీ మధ్య కాగితం పెట్టి ఆరబెట్టుకుని, ఇంటికి మాత్రం ఒక్కమాట రాయని లైబ్రేరియన్ గారికి చెప్పాను. అందరికీ పేరుపేరునా అంటారు కదా, నేను పనిపనికీ చెప్పాను. మంచి చీరను పెట్టె అడుగున దాచుకున్నట్టు మీ పేరాను చివరికి దాచుకున్నాను.

మీ మీద నాకు అంత గురి ఎప్పుడు కుదిరిందో మీకు గుర్తుందా? తొమ్మిదో తరగతిలో మీరు అర మార్కు తగ్గించారని జవాబుపత్రం పట్టుకుని బడికి వచ్చాను. మీరు కుర్చీ వేసి కూర్చోబెట్టి, మూడో మెట్టులో అమ్మాయి వదిలేసిన మైనస్ గుర్తు చూపించారు. జవాబు సరిగ్గానే వచ్చింది కదండీ అన్నాను. అమ్మా, ఈ అర మార్కు ఇవ్వడం నాకు ఒక్క గీత పని, కానీ రేపట్నుంచి మీ అమ్మాయి నా లెక్క నమ్మదు అన్నారు. ఇంటికి వచ్చి మావారితో, నాలాంటి మనిషి ఇంకొకరు ఉన్నారండీ ఈ ఊళ్ళో అన్నాను. అయ్యో పాపం, వాళ్ళింట్లోవాళ్ళు ఎలా ఉన్నారో అన్నారాయన. నేను మాత్రం ఆరోజు ఎంతో ధైర్యంగా నిద్రపోయాను.

అలాంటి మీరు పదకొండో తరగతిలో లెక్కలకు ప్రత్యేక తరగతి పెట్టారు. మంగళ, బుధ, శుక్రవారాలు, నాలుగు నుంచి ఐదున్నర వరకు. ప్రతిసారీ అమ్మాయి చేత చిన్న గులాబీరంగు చీటీ పంపేవారు. తేదీ, ప్రత్యేక తరగతి, హాజరు, కింద మీ పొట్టి సంతకం. అన్నిటినీ పుస్తకంలో అంటించాను. రెండేళ్ళకు నూట ఎనభై ఏడు. తల్లిదండ్రుల సమావేశంలో, ప్రత్యేక తరగతి ఎలా సాగుతోంది మాస్టారూ అని అడిగితే, మీ అమ్మాయికి చాలా అవసరమమ్మా, ఒక్కరోజు కూడా మానిపించకండి అన్నారు. నేను మానిపించలేదు. జ్వరం తగ్గిన మర్నాడు కూడా పంపించాను. యాభై ఎనిమిది దగ్గర ఉన్న మార్కులు ఎనభై ఆరుకు వెళ్ళాయి. ఆ రెండు అంకెలూ వేదిక మీద చదివాను.

చదువుతూ, నూట ఎనభై ఏడు ప్రత్యేక తరగతులకు మీకు మా కుటుంబం రుణపడి ఉంటుందని అనగానే మూడో వరుసలో పిల్లలు నవ్వారు. ఎవరో కుంభకర్ణీ అని అరిచారు. పిల్లలు కదా, వాళ్ళలో వాళ్ళకేదో వేళాకోళం అనుకున్నాను. మీరు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. కళ్ళు చెమర్చాయనుకుని ఆ వాక్యం రెండోసారి చదివాను, మాస్టారూ. రెండోసారి! లైబ్రేరియన్ గారు పైకప్పు చూస్తున్నారు. హెడ్‌మిస్ట్రెస్ గారు మిమ్మల్ని చూస్తున్నారు.

దిగి వచ్చాక పక్కన కూర్చున్న బేకరీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ప్రత్యేక తరగతులేంటండీ, మావాడికి పెట్టమని కాళ్ళావేళ్ళా పడితే ఈ బడిలో అలాంటివి లేవన్నారే, మీకు మాత్రం ఎలా పెట్టారు అంది. ఆవిడ పొరబడిందనుకున్నాను. అమ్మాయి కోసం వెతుక్కుంటూ లైబ్రరీ వైపు వెళ్ళాను. అక్కడ ఆయమ్మ ఎదురొచ్చి, అమ్మా, పాప ఇది మర్చిపోయింది, ఉతికి మడతపెట్టి ఉంచాను అంటూ ఒక గుడ్డ నా చేతిలో పెట్టింది.

నీలం గళ్ళ దిండు గలీబు. మాదే. రెండేళ్ళ కిందట ఇస్త్రీ పద్దులో ఒకటి తక్కువ పడిన గలీబు. అప్పుడు నేను ఇస్త్రీ అతన్ని వీధిలో నిలబెట్టి అడిగాను. నేను తియ్యలేదమ్మా, మీ పుస్తకం ఎంతో నా నోటి మాట అంతే అన్నాడు. పుస్తకం తప్పదన్నాను. ఎనిమిదేళ్ళుగా మా బట్టలు ఇస్త్రీ చేస్తున్న మనిషిని ఆరోజు నుంచి మాన్పించాను.

ఇది ఇక్కడికెలా వచ్చిందని ఆయమ్మను అడిగితే, మీకు తెలీదా అమ్మా అని ఆవిడే కంగారుపడింది. తెలుసులే, చెప్పు అన్నాను. అది నేను ఆడిన అబద్ధం, ఒప్పుకుంటున్నాను. అప్పుడు చెప్పింది. పాత పత్రికలు కట్టలు కట్టి పెట్టే చిన్న గదిలో పొడుగు బల్ల ఉందట. అమ్మాయి నాలుగింటికి వచ్చి ఆ బల్ల మీద పడుకునేదట. లైబ్రేరియన్ గారు కిటికీకి తెర లాగేవారట. ఆయమ్మ గుమ్మం దగ్గర స్టూలేసుకుని ఎవరినీ చప్పుడు చెయ్యనిచ్చేది కాదట. వాచ్‌మన్ ఐదింటి గంట కూడా మెల్లగా కొట్టేవాడట. మీరు బయట బల్ల దగ్గర కూర్చుని నోటుపుస్తకాలు దిద్దుకునేవారట. ఐదూ ఇరవైకి లేపి, మొహం కడుక్కోమని, ఒక్క లెక్క చేయించి, చీటీ రాసి పంపేవారట. మాస్టారు ఒక్కరోజు కూడా ముందు వెళ్ళిపోలేదమ్మా, బంగారంలాంటి మనిషి అంది ఆయమ్మ. నేను తల ఊపి, గలీబు చేతిసంచిలో పెట్టుకుని వచ్చేశాను.

నూట ఎనభై ఏడు సాయంత్రాలు నా కూతురు నిద్రపోయింది. బడి మొత్తానికి తెలుసు. మూడో వరుస పిల్లలకు తెలుసు, దానికో పేరు కూడా పెట్టుకున్నారు. నేను ఆ సమయంలో వంటింట్లో, ఈపాటికి త్రికోణమితి చెబుతూ ఉంటారు అనుకుంటూ గడియారం చూసుకునేదాన్ని.

ఇంటికి వచ్చాక అమ్మాయిని అడిగాను. అవునమ్మా, పడుకున్నాను అంది. తప్పు ఒప్పుకున్నట్టు కాదు, టైమెంత అంటే చెప్పినట్టు. ఇంట్లో మంచం లేదా అన్నాను. ఉంది, ఇంట్లో నువ్వు కూడా ఉన్నావుగా అంది. ఆ మాట ఏ పుస్తకంలోనూ రాయలేదు. రాయకపోయినా చెరగడం లేదు. మీకు తెలుసా అని మావారిని నిలదీశాను. తెలిస్తే నేనూ వెళ్ళి పక్క బల్ల మీద పడుకునేవాణ్ణి అన్నారు. ఆ పూట ఆయనకు టీ ఇవ్వలేదు.

నాలుగు రోజులుగా అమ్మాయి నాతో మాట్లాడడం లేదు. పళ్ళెం పెడితే తింటుంది, పిలిస్తే వస్తుంది, అంతే. గురువారం నాడు మాత్రం ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. కాలేజీ హాస్టలు దరఖాస్తు. కాలేజీ మా ఇంటికి నాలుగు కిలోమీటర్లు, మాస్టారూ. బస్సు మా సందు చివరే ఆగుతుంది. హాస్టలెందుకే అంటే, అక్కడ గదికి లోపల గడియ ఉంటుందట. తల్లి సంతకం కావాలి. నాకున్నది ఒక్కతే పిల్ల. అది నాలుగు కిలోమీటర్ల దూరానికి పారిపోతానంటోంది. దానికి పారిపోవడం నేర్పించింది మీరు.

నేనేమీ రాక్షసిని కాను. వంటింటి తలుపు వెనక టైంటేబుల్ అంటించిన మాట నిజమే. నాలుగున్నరకు లేవడం, పదిన్నరకు పడుకోవడం. పిల్ల పైకి రావాలని. తనొక్కతే లేవలేదు, నేను నాలుగూ ఇరవైకి లేచాను, టీ పెట్టాను, ఎదురుగా కూర్చున్నాను. వీధి తలుపు కిర్రుమంటుంటే నూనె వెయ్యనివ్వలేదు, ఎవరు ఎప్పుడు వచ్చారో ఎప్పుడు వెళ్ళారో వంటింట్లోకి తెలియాలని. ఒక్క పిల్లను పెంచడానికి ఇంతకంటే శ్రద్ధగా ఎవరు ఉంటారు?

మీరు చెయ్యాల్సింది ఒక్కటే. అమ్మా, మీ పిల్లకు నిద్ర చాలడం లేదు అని నాకు చెప్పడం. ఒక్క వాక్యం. నేను చదువుకున్నదాన్నే, వింటే అర్థమవుతుంది. రెండేళ్ళలో ఆ బడిలో ఒక్కరు కూడా నాకు ఆ ముక్క చెప్పలేదు. పోనీ, బడిలో కుదరలేదు. ఒకసారి మీరు మా ఇంటికే వచ్చారు. మా ముందు గదిలో కూర్చుని నా చేతి టీ తాగారు. టైంటేబుల్ ఎదురుగా నిలబడి చదివారు. అప్పుడైనా నోరు విప్పి ఉండొచ్చు. మనిషి ఇంట్లో టీ తాగి, ఆ మనిషికే రెండేళ్ళు దొంగ చీటీలు పంపడం ఏ లెక్క ప్రకారం న్యాయమో మీరే చెప్పాలి. అర మార్కు అబద్ధం ఆడని మీరు నూట ఎనభై ఏడు అబద్ధాలు సంతకం పెట్టి మరీ ఆడారు.

అబద్ధం ఆడినందుకు కూడా కాదు నా బాధ. ఈవిడకు నిజం చెప్పి లాభం లేదు అని మీరందరూ కలిసి తేల్చేసుకున్నారు చూడండి, డ్రైవరు, ఆయమ్మ, లైబ్రేరియన్ గారు, గంట కొట్టే మనిషి, అందరూ. అదీ నాకు గుచ్చుకుంటోంది. వాళ్ళందరికీ వేదిక ఎక్కి దణ్ణం పెట్టాను. నా దణ్ణం తీసుకుని జేబులో వేసుకున్నారు.

అందుకని మీ పేరా కొట్టేస్తున్నాను. మిగతావాళ్ళవి ఉంచుతాను. పన్ను నిజం, తొమ్మిదిసార్లు ఆగిన బస్సు నిజం. ఆ చీటీలు అంటించిన పుస్తకం విడిగా పంపిస్తాను, మీ దగ్గరే ఉండనివ్వండి.

పరీక్షలైపోయాయి కాబట్టి కొత్త టైంటేబుల్ ప్రకారం అమ్మాయిని ఎనిమిదింటికి లేపాలి. ఇప్పుడే పావు తక్కువ ఎనిమిది అయింది. సెలవు.

ఇట్లు,
ఇరవై మూడో నంబరు అమ్మాయి తల్లి

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టాక, మీరు మా ఇంటికి వచ్చిన తేదీ వెయ్యలేదని గుర్తొచ్చింది. తేదీ లేకుండా ఒకరి మీద నేరం మోపడం నా పద్ధతి కాదు. అటక మీంచి రెండేళ్ళ కిందటి ఫోన్ల పుస్తకం దించాను. అందులో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

జులై 18. పదకొండూ నలభై. లెక్కల మాస్టారు ఫోను. అమ్మాయి క్లాసులో నిద్రపోతోందట. మొహాన నీళ్ళు చల్లి కూర్చోబెట్టమన్నాను.

జులై 29. పన్నెండూ పది. మళ్ళీ మాస్టారు. పిల్లకు నిద్ర చాలడం లేదమ్మా అన్నారు. ఆరు గంటలు చాలన్నాను. ఇవాళ్టి నుంచి తొమ్మిదింటికి ఇంకో టీ.

ఆగస్టు 9. సాయంత్రం ఆరూ పది. మాస్టారు ఇంటికి వచ్చారు. టీ ఇచ్చాను. పిల్ల ఇవాళ మెట్ల మీద కూర్చుని నిద్రపోయి పడబోయిందట. కనీసం బడి నుంచి వచ్చాకైనా కాసేపు పడుకోనివ్వమన్నారు. టైంటేబుల్ చూపించాను, ఖాళీ ఎక్కడుందో మీరే చెప్పండన్నాను. చాలాసేపు చూసి, ఖాళీ లేదమ్మా అన్నారు. వెనకబడింది కాబట్టే కునికిపాట్లు, సాయంత్రాలు ప్రత్యేక తరగతి పెట్టమని అడిగాను. ఆలోచించి, సరే, నా దగ్గరికి పంపండి అన్నారు. మంచి మనిషి. గ్యాస్ బండ మార్చాను.

అన్నీ నా అక్షరాలే, మాస్టారూ. ఎక్కడా దిద్దుబాటు లేదు. ఒక్కరు కూడా చెప్పలేదని పైన రాశాను. నా పుస్తకాల్లో కొట్టివేతలు ఉండవు కాబట్టి ఆ వాక్యాన్ని కూడా అలాగే ఉంచుతున్నాను, మీరు చదివి నన్ను చూసి నవ్వుకున్నా సరే. మీరు మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ రాసుకున్నాను. రాసుకుంటే విన్నట్టేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మీ టీ గుర్తుంది, మీ మాట గుర్తులేదు.

మీరు దొంగ చీటీలు ఇచ్చిన మాట నిజం. ఆ కోపం పూర్తిగా పోలేదు, పోయిందని రాస్తే అది ఇంకో దొంగ చీటీ అవుతుంది. కానీ ప్రూఫులో మీ పేరా కొట్టెయ్యలేదు. ప్రత్యేక తరగతులకు అన్న మాట మాత్రం కొట్టి, పైన సాయంత్రాలకు అని రాశాను. అంకె సరిగ్గానే ఉంది. చీటీల పుస్తకం పంపడం లేదు, నా దగ్గరే ఉంటుంది.

హాస్టలు కాగితం మీద సంతకం పెట్టి అమ్మాయి బల్ల మీద ఉంచాను. వెళ్తుందో ఉంటుందో తనే తేల్చుకోవాలి. సోమవారం గలీబు పట్టుకుని ఇస్త్రీ అతని దగ్గరికి వెళ్ళాలి. ఏమనాలో ఇంకా తెలీదు.

ఈ ఉత్తరం ఇప్పుడే పోస్టు డబ్బాలో వెయ్యాలంటే వీధి తలుపు తియ్యాలి. తీస్తే కిర్రుమంటుంది. పదీ ఇరవై అయింది, అమ్మాయి ఇంకా పడుకునే ఉంది. లేచాక వేస్తాను.